లెక్కల పుస్తకము ఎదుట కూర్చున్న సహవాసము

గోదావరి జిల్లాల కొబ్బరితోటలలో నేడు అంతరపంటగా పెరుగుచున్న కోకో చెట్టును చూచినవారికిని, ఆ గింజతో చేసిన చాక్లెట్టును పిల్లలకు కొనియిచ్చువారికిని క్యాడ్బరీ యను పేరు క్రొత్తది కాదు. అయినను ఆ పేరు ఒకప్పుడొక కుటుంబమునకును, ఆ కుటుంబము ఒక చిన్న క్రైస్తవ సమాజమునకును చెందియుండెననియు, ఆ సమాజమువారు ప్రార్థనను వ్యాపారమును వేరుచేయక, ఒకరి వ్యాపారమును గూర్చి యొకరు ప్రశ్నించుకొనుటను భక్తిలో భాగముగా నెంచిరనియు ఎరిగినవారు మనలో కొలదిమందియే. విశ్వాసులైన వ్యాపారుల నడుమ సహవాసము సడలిపోవుచున్నదనియు, దానిని మరల బలపరచుకొనవలెననియు నేడు సంఘములలో మాట వినబడుచున్నది. ఆ మాటకు అర్థమేమో తెలియగోరువారు క్వేకర్ల చరిత్రను చూచుట మేలు.

పదునేడవ శతాబ్దపు నడిమికాలమున ఇంగ్లండులో జార్జి ఫాక్సు బోధలతో ఏర్పడిన ఈ సమాజమువారు తమ్ము తాము మిత్రులని పిలుచుకొనిరి. లోకము వారిని క్వేకర్లనెను. ప్రమాణము చేయుట క్రీస్తు ఆజ్ఞకు విరుద్ధమని నమ్మినందున వారికి ప్రభుత్వోద్యోగములు దొరకలేదు. రాజమతమున చేరనందున ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విద్యాపీఠముల పట్టములు దక్కలేదు. యుద్ధము పాపమని యెంచినందున సేనలో చేరలేదు. మిగిలినది వర్తకము. బ్రిస్టలులో ఫ్రై వంశము, బర్మింగ్‌హాములో క్యాడ్బరీలు, యార్కులో రౌంట్రీలు కోకో వ్యాపారమున పేరొందిరి. బార్‌క్లేసు, లాయిడ్సు బ్యాంకుల మూలపురుషులును ఈ సమాజమువారే. బేరములు సాగుచుండిన కాలమున, వచ్చినవాడు ధనికుడైనను పసిబాలుడైనను ఒకే ధర చెప్పుట వారి యాచారము.

వారి మాససభ జరుగు తీరు మన కూడికలకు మిక్కిలి భిన్నము. పురోహితుడు లేడు, పాట లేదు. బల్లలపై అందరును మౌనముగా కూర్చుందురు. విషయము ముందునకు వచ్చినపుడు ఒకరి తరువాత నొకరు, నడుమ నడుమ మౌనము వహించుచు, తమకు తోచినది చెప్పుదురు. ఓట్లు లెక్కించుట లేదు. సభాలేఖకుడు సభ యొక్క అభిప్రాయమిదియని తాను గ్రహించినదానిని అప్పుడే వ్రాసి చదువును. అందరును సరియేయన్న పిమ్మటనే అది నిర్ణయమగును. ఇట్టి సభలో నిలిచిన ప్రశ్నలలో, నీ మాట నిలుపుకొనుచున్నావా, అప్పు గడువునకు తీర్చుచున్నావా, నీ శక్తికి మించిన వ్యాపారమున దిగలేదు గదా యనునవి కూడ నుండెడివి. ఎవని వ్యాపారమో తడబడుచున్నదని తెలిసినచో, సభ ఇద్దరు ముగ్గురు పెద్దలను నియమించుచుండెను. వారతని యింటికి పోయి, లెక్కల పుస్తకములు తెప్పించి చూచి, బుద్ధి చెప్పి, అవసరమైనచో చేయూతయు నిచ్చుచుండిరి. దివాలా తీసి ఋణదాతలకు నష్టము కలిగించినవానిని సభ్యత్వమునుండి తొలగించుటయు నుండెను. న్యాయస్థానము అప్పునుండి విముక్తి నిచ్చినను, చేతిలో డబ్బు ఆడిననాడు మిగిలిన బాకీని తీర్చుట అతని ధర్మమని సమాజము భావించెను.

చెరసాలలోని స్త్రీల దుఃస్థితిని బాపుటకు జీవితము ధారవోసిన ఎలిజబెతు ఫ్రై పేరు ప్రసిద్ధము. ఆమె భర్త జోసెఫ్ ఫ్రై బ్యాంకు 1828లో కూలిపోగా, ఆమెకున్న కీర్తిని చూచి సమాజము వెనుదీయలేదు, అతనిని వెలివేసెను. అంతటి దుఃఖములో మునిగిన కుటుంబమునకు ఓదార్పు చాలక తీర్పు ఎక్కువయ్యెనని నాకు తోచును. అయినను ఈ కాఠిన్యము వలననే, క్వేకరుతో లావాదేవి చేయు పరాయివాడు పత్రము లేకయే నమ్మగలిగెను.

కాలము మారెను. అంగడి కర్మాగారమాయెను, ఎదుటివాని అప్పులను చూచు కన్నులకు సముద్రముల కావల నున్న కూలివాడు కనబడడు. ఆఫ్రికా పశ్చిమతీరమునకు దూరముగా, గినీ సింధుశాఖలో, పోర్చుగీసువారి యేలుబడిలో నున్న సావో తొమే ద్వీపమునుండి క్యాడ్బరీ వారు తమ కోకోలో పెద్దభాగమును కొనుచుండిరి. 1901లో ఆ ద్వీపమందలి తోట యొకటి అమ్మకమునకున్నదని వారికి వచ్చిన పత్రమున, భూమితోబాటు 200 మంది నల్లజాతి కూలీలును ఆస్తిగా లెక్కింపబడి, వారి వెల 3,555 పౌండ్లని వ్రాయబడియుండెను. చట్టమున బానిసత్వము రద్దయి యుండగా, అంగోలానుండి ఒడంబడిక పేరిట తేబడిన ఆ మనుష్యులు తిరిగి యింటికి పోవుట యెన్నడును లేదు.

ఇచ్చట క్వేకర్ల సహవాసమునకు కఠినపరీక్ష వచ్చెను. విలియం క్యాడ్బరీ ఆ మాటను దాచలేదు; ఫ్రైలతోను రౌంట్రీలతోను పంచుకొనెను. పోటీదారులైన మూడు కుటుంబములును కలిసి యాలోచించినవి. కొనుట మానినచో తమ మాటకు విలువ పోవునని, పోర్చుగలు ప్రభుత్వముతో సామముగా మాట్లాడుటయే మేలని తలచి, 1905లో జోసెఫ్ బర్టు అనువానిని పంపి ద్వీపములలోను అంగోలాలోను విచారణ చేయించిరి. తుదకు విలియం తానే స్వయముగా పోయి చూచి వచ్చెను. 1909 మార్చిలో మూడు సంస్థలును ఒక్కమాటగా ఆ కోకోను కొనుట మానివేసినవి. ఒకరు మానగా వేరొకరు చౌకగా కొని లాభపడు మార్గము తెరచియున్నను ఎవరును అటు పోలేదు. ఇది సహవాసము ఫలించినచోటు. కాని నిజము తెలిసిన పిదప ఎనిమిదేండ్లు గడచినవి. స్టాండర్డు పత్రిక తమ్ము నిందించెనని క్యాడ్బరీ వారు వేసిన దావాలో, తెలిసిన తరువాత కొన్న కోకో వెల పది లక్షల పౌండ్లకు మించెనని ప్రతివాది న్యాయవాది ఎడ్వర్డు కార్సన్ న్యాయస్థానమున వారిచేతనే చెప్పించెను. జూరీ వారిని గెలిపించెను గాని, నష్టపరిహారముగా ఒక్క ఫార్దింగు, అనగా పెన్నీలో నాలుగవ వంతు, విధించెను.

వారు కపటులని నేననను. ఆలస్యమునకు మూలము వేరొకటి. ప్రశ్నించువారందరును ఒకే వ్యాపారమునకు, ఒకే బంధువర్గమునకు చెందినపుడు ప్రశ్న మెత్తబడును. ఎదుటివాని యిబ్బంది తన యిబ్బందియే గనుక, ఓపికయను పుణ్యము ఆలస్యమునకు తోడుపడును. సహవాసమును క్రొత్తచేసికొనుట యనగా, అడిగినందువలన తనకేమియు నష్టము లేనివానిని కూడ లోనికి పిలుచుట యని ఆ ఎనిమిదేండ్లు నాకు నేర్పినవి.

అట్టివారు సమాజములోనే యుండిరి. మహాయుద్ధము నడుమ, 1915లో, యుద్ధమునకును సంఘనిర్మాణమునకును గల సంబంధమును విచారించుటకు క్వేకర్లొక సంఘమును నియమింపగా, అందులోని సామ్యవాదులు, ధనికులైన మిత్రులను సూటిగా ప్రశ్నించిరి: మీ కర్మాగారములలో కూలివానికిని మీకును గల యంతరము శాంతిధర్మమునకు తగునా? ఆ ప్రశ్న తగిలిన యజమానులు 1918 ఏప్రిలులో, బర్మింగ్‌హాము చెంత, జార్జి క్యాడ్బరీ తన పాతయింటిని విద్యాకేంద్రముగా నిచ్చిన వుడ్‌బ్రూక్‌లో సమావేశమైరి. వేతనము, కార్మికుని హోదా, పని భద్రత, పనిచేయు పరిస్థితులు, మిగులు లాభము: ఇవి వారి ముందున్న విషయములు. వేతనమును బజారు ధర ననుసరించి కాక, మనుష్యుడు భార్యాబిడ్డలతో గౌరవముగా బ్రతుకుటకేమి కావలెనో దాని ననుసరించి నిర్ణయింపవలెనని, నైపుణ్యమునకు దానిపైన వేరుగా చెల్లింపవలెనని వారు తలచిరి. సీబోమ్ రౌంట్రీ 1899లో యార్కు నగరపు దారిద్ర్యమును ఇల్లిల్లు తిరిగించి లెక్కించినవాడు. ఆ లెక్కలే ఈ యాలోచనకు ఆధారము. మిగులు లాభము విషయమున యజమాని తాను హక్కుదారుడనని గాక, సమాజమునకు ధర్మకర్తనని యెంచుకొనవలెనని కూడ అచ్చట వినబడెను.

నిర్ణయములెవరిని బంధింపలేదు, అది నిజము. కాని క్యాడ్బరీ కర్మాగారమున ఆ యేడే కార్మికులతో కూడిన సమాలోచనసభ లేచెను. రౌంట్రీ కర్మాగారమున మరుసటి యేడు వారమునకు అయిదుదినముల పని వచ్చెను. అంతకన్న ముఖ్యము, వారు మరల వచ్చిరి. 1928, 1938, 1948: పదేండ్లకొకసారి కూడి, తమ సంస్థల నడతను ఆ కాలపు కష్టములతో సరిచూచుకొనిరి. ఒక్క ఉత్సాహపు సభతో తీరెడు పని యిది కాదని వారెరిగిరి.

మన పట్టణములలో విశ్వాసులైన వ్యాపారులు ప్రాతఃకాలమున కూడి ప్రార్థించి సాక్ష్యములు చెప్పుకొనునపుడు, ఆ సాక్ష్యములలో దేవుడిచ్చిన లాభము తరచుగా వినబడును. ఆ బల్లచుట్టు మరి రెండు ప్రశ్నలకు చోటుండవలెనని నేను మనసార కోరుచున్నాను: నీకు సరకు పోసిన చిన్నవాని బిల్లును ఎన్నాళ్లకు చెల్లించితివి? నీ బట్టలకొట్టులో దినమంతయు నిలుచుండి చీరలు విప్పి చూపు ఆడపిల్లకు, గిరాకి లేనివేళనైనను కూర్చుండుటకు స్టూలున్నదా? అడిగిన దినమున ఆ కూడిక కొంత ఉక్కిరిబిక్కిరి యగును. కొందరు మరుసటివారము రారు. వచ్చినవారితోనే సహవాసము మొదలగును.

క్వేకరు కుటుంబముల చేతినుండి ఆ సంస్థలు క్రమముగా జారిపోయినవి: రౌంట్రీ 1988లో నెస్లేకును, క్యాడ్బరీ 2010లో క్రాఫ్టుకును అమ్ముడుపోయినవి. వాటాదారుల సంస్థలో, ఎవని యింటికి పోయి లెక్కల పుస్తకము చూపుమని పెద్దలు అడుగుదురు? అయినను వుడ్‌బ్రూక్‌లో లేచిన మిగులు లాభపు ప్రశ్నకు ఒక మిత్రుడు నిండుగా జవాబిచ్చెను. స్విట్జర్లాండున పుట్టి, ఇంగ్లండులో 1921లో రసాయనముల వ్యాపారము నెలకొల్పిన ఎర్నెస్టు బేడర్, 1951లో తన స్కాట్ బేడర్ సంస్థ వాటాలలో నూటికి తొంబదింటిని, అందు పనిచేయువారందరి ఉమ్మడి సంఘమునకు దానముగా వ్రాసియిచ్చెను. మిగిలిన పదింటిని 1963లో ఇచ్చెను.