ప్రత్యేకోపాధ్యాయుని చదువు

బి.ఎడ్. చదివి సామాన్య పాఠశాలలో ఉపాధ్యాయులు కాగోరువారు మన జిల్లాలలో ప్రతి యూరను కానవత్తురు గాని, బధిరులకును, అంధులకును, బుద్ధిమాంద్యము గల బాలబాలికలకును విద్య గఱపుటకై స్పెషల్ బి.ఎడ్. అనునది వేఱుగా కలదని యెఱిగినవారు కొలదిమంది. ఎఱిగినవారిలో సైతము, "సీటు రాక స్పెషల్‌లో చేరినాడట" అని పెదవి విఱుచు బంధువులకు కొదువలేదు. ఆ చదువు లోపలి సంగతి కొంత తెలిసినచో ఆ పెదవి విఱుపు ఎంత యసంగతమో తేటపడును.

ఈ శిక్షణపై పెత్తనము భారత పునరావాస మండలిది. 1992లో పార్లమెంటు చేసిన చట్టముచే దానికి శాసనబలము కలిగెను. మండలి గుర్తింపు పొందిన కళాశాలలో చదివి, కేంద్ర పునరావాస పట్టికలో పేరు నమోదు చేయించుకొనినవారే ఈ వృత్తికి అర్హులు. కావున చేరదలచినవారు రుసుము కట్టుటకు ముందే కళాశాలకు ఆ గుర్తింపు ఉన్నదో లేదో విచారించుట మేలు. పూర్వము ఒక యేడాదిగా నుండిన ఈ చదువు 2015 నుండి రెండేండ్లదైనది. డిగ్రీ ముగించినవారు దీనికి దరఖాస్తు చేయుదురు. వినికిడి లోపము, దృష్టి లోపము, బుద్ధిమాంద్యము, అభ్యసన వైకల్యము, ఆటిజము మున్నగువానిలో ఒకదానిని ప్రధానముగా ఎన్నుకొనవలయును. 1984లో సికింద్రాబాదు బోయినపల్లి చెంత, మనోవికాస్ నగర్‌లో నెలకొనిన జాతీయసంస్థ బుద్ధిమాంద్యపు శాఖకు మన ప్రాంతమున పుట్టినిల్లు వంటిది.

మనము బాల్యముననే నేర్చి, నేర్చితిమన్న సంగతినే మఱచిన పనులను మరల విప్పి చూచుట, నా యభిప్రాయమున, ఈ చదువునకు ప్రాణము. చొక్కాకు గుండీ పెట్టుకొనుట మనకు ఒక పని. ప్రత్యేకోపాధ్యాయునకు అది పెక్కు పనుల సమూహము: చొక్కా అంచులు రెంటిని దగ్గఱకు తెచ్చుట, బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను గుండీని నిలువుగా పట్టుట, రెండవ చేత కాజాను తెఱచి పట్టుట, గుండీ అంచును అందులో దూర్చుట, ఆవల తొంగిచూచిన అంచును చేయి మార్చి అందుకొనుట, లాగుట. శిక్షణలో నున్న విద్యార్థి ఈ మెట్లను కాగితముపై వ్రాసి, తన చొక్కాపైననే మరల మరల పరీక్షించి, తాను విడిచిన మెట్టును పట్టుకొనవలయును. ఇక నేర్పునప్పుడు కడపటి మెట్టు నుండి వెనుకకు వచ్చు పద్ధతి యొకటి కలదు. తక్కిన వన్నియు గురువే చేసి, కాజా నుండి సగము వెలువడిన గుండీని లాగుట మాత్రము బాలునకు విడుచును. పని పూర్తి చేసితినను సంతోషము బాలునకు మొదటి దినముననే దక్కును గదా!

ప్రతి బాలునకును వేఱువేఱుగా వ్యక్తిగత విద్యాప్రణాళిక రచించుటలో విద్యార్థులు మిక్కిలి తడబడుదురు. "బాలుడు డబ్బు విలువను తెలిసికొనును" అని వ్రాసినచో అధ్యాపకుడు కొట్టివేయును. ఏమన, తెలిసికొనెనో లేదో చూచుట యెట్లు? "పది రూపాయల నోటును ఇరువది రూపాయల నోటును ముందుంచి, పది ఇమ్మని యడిగినచో, అయిదు మార్లలో నాలుగు మార్లు సరిగా తీసి యిచ్చును" అని వ్రాసిన నాడు ఒప్పుకొనును. ఇంతటి నిక్కచ్చితనము సామాన్య బి.ఎడ్. పాఠప్రణాళికలకును అబ్బినచో ఎంత బాగుండును!

దృష్టి లోపపు శాఖవారి పాట్లు వేఱు. పలకయు ములికియు పుచ్చుకొని చేతితో బ్రెయిలు వ్రాయునప్పుడు కాగితమునకు వెనుక నుండి గ్రుచ్చవలయును గనుక, వ్రాత కుడి నుండి యెడమకు నడచును, ప్రతి యక్షరమును తిరుగబడును. కాగితము త్రిప్పినప్పుడే ఉబ్బిన చుక్కలు ఎడమ నుండి కుడికి చదువ వీలగును. ఆఱు చుక్కల భారతి బ్రెయిలులో తెలుగు వ్రాయునెడ గుణింతపు గుర్తు హల్లు నంటి యుండక దాని ప్రక్క గడిలో చేరును. వత్తు క్రిందికి దిగదు. అంతయు ఒకే వరుస. కన్నులున్న విద్యార్థికి చుక్కలను చూచి చదువుట త్వరలోనే పట్టుపడును గాని, వ్రేలికొనతో చదువుట సులభముగా లొంగదు.

ప్రత్యేక పాఠశాలలలోను సామాన్య పాఠశాలలలోను బోధనాభ్యాసము చేయుట, ఒక బాలుని పూర్వాపరములను విచారించి వ్రాయుట, తల్లిదండ్రులతో మాటలాడుట ఇందులోని భాగములే. వీనిలో కడపటిది పుస్తకముల వలన వచ్చునది కాదు.

పట్టా చేతికి వచ్చిన పిమ్మట ఏమి? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము తాను గుర్తించు వైకల్యముల సంఖ్యను ఏడు నుండి ఇరువది యొకటికి పెంచినది. ప్రాథమిక దశలో వైకల్యము గల పిల్లలు పదిమందికి ఒకరు చొప్పునను, ఆపై తరగతులలో పదునైదుగురికి ఒకరు చొప్పునను ప్రత్యేకోపాధ్యాయులుండవలెనని 2022లో కేంద్రప్రభుత్వము నిర్దేశించినది. తెలుగు రాష్ట్రములలో మండలమునకు భవిత కేంద్రములను పేర విశేషావసరములు గల పిల్లలకు ఒక చోటు ఏర్పడినది. అచట పనిచేయువారు, కదలలేని పిల్లల యిండ్లకు పోయి నేర్పుటయు కలదు. అయితే కళాశాలలో ఏదో యొక శాఖను ఎన్నుకొనిన పట్టభద్రుని యెదుటకు భవిత కేంద్రమున అన్ని రకముల పిల్లలును వత్తురు. బధిరుల శాఖలో తీర్చిదిద్దబడినవాడు ఒక చేత ఆటిజము గల బాలుని పట్టుకొని, మఱొక చేత మస్తిష్క పక్షవాతము గల బాలికకు పెన్సిలు అందీయవలసి వచ్చును. ఇతర వైకల్యములను గూర్చి పాఠ్యక్రమమున కొన్ని పాఠములున్న మాట నిజమే గాని, ఈ పనికి అవి చాలవు. ఆ భాగమును పెంచి, కనీసమొక మాసము భవిత కేంద్రముననే అభ్యాసము చేయించినచో మేలని నాకు తోచుచున్నది.