మూతల దుప్పటి, డబ్బాల ఓడ

పిల్లలూ! లండను నగరంలో బ్రిటిష్ మ్యూజియం అని గొప్ప ప్రదర్శనశాల ఒకటి ఉన్నది. ఆ మ్యూజియంవారు ఆఫ్రికా ఖండానికి సంబంధించిన వస్తువులలో రెండు వింత దుప్పట్లు సేకరించారు. ఒకదాని పేరు "పురుషుడి వస్త్రం". రెండవదాని పేరు "స్త్రీ వస్త్రం". దూరాన్నుంచి చూస్తే అవి బంగారు జరీతో నేసిన శాలువల్లాగా ధగధగా మెరుస్తాయి. చారలున్నాయి, మడతలున్నాయి. కాని దగ్గరికి వెళ్ళి చూస్తే వాటిలో ఒక్క నూలుపోగు అయినా కనిపించదు. అవి సారాసీసాల మూతలు! మూతలనూ, వాటి కింద సీసా మెడకు చుట్టి ఉండే రేకు పట్టీలనూ చదునుచేసి, రాగితీగతో ఒకదానికొకటి కుట్టి, ఆ దుప్పట్లు తయారుచేశారు. ఎర్రని మూత ఎర్రగానే, పసుపుపచ్చనిది పసుపుపచ్చగానే ఉన్నది. పైన ఏ రంగూ పుయ్యలేదు.

వాటిని చేసిన ఆయన పేరు ఎల్ అనాట్సుయి. మీ అట్లాసు తెరిచి, ఆఫ్రికా పడమటి తీరాన ఘనా దేశాన్ని చూడండి. ఆయన అక్కడ అన్యాకో అనే ఊళ్ళో 1944లో పుట్టాడు. అప్పుడు ఆ దేశం ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉండేది. దాన్ని గోల్డ్ కోస్ట్ అనేవారు. తండ్రికి 32 మంది సంతానం. అందరిలోకీ ఆఖరివాడు మన అనాట్సుయి. ఆ తండ్రి నేతగాడు. అక్కడివాళ్ళు కెంటే అనే బట్ట నేస్తారు. సన్నని పట్టీలుగా నేసి, పట్టీ పక్కన పట్టీ పెట్టి కుట్టి, పెద్ద వస్త్రం చేస్తారు. అయితే అనాట్సుయి మాత్రం మగ్గం పని నేర్చుకోలేదు.

ఆయన కుమాసి నగరంలో శిల్పం చదివాడు. ఘనాకు 1957లోనే స్వాతంత్ర్యం వచ్చినప్పటికీ, ఆ కళాశాలలో చెప్పేది ఎక్కువగా ఐరోపావారి కళే. పిల్లవాడికి ఎక్కడెక్కడి సంగతులో నేర్పి, వాడి వీధిలో ఉన్న పనివాణ్ణి చూపించకపోవటం మన బళ్ళలోనూ లేకపోలేదు. నా ఉద్యోగకాలంలో నేను దాన్ని కళ్ళారా చూశాను. అనాట్సుయికి ఇది లోటుగా తోచింది. ఆయన ఊళ్ళోని పనివాళ్ళ దగ్గరికి వెళ్ళి వాళ్ళ పని చూడసాగాడు. అక్కడ బట్టల మీద అద్దకం వేసే గుర్తులు కొన్ని ఉన్నాయి. వాటిని అదింక్రా అంటారు. ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క అర్థం. తల వెనక్కు తిప్పి చూసే పక్షి ఒక గుర్తు. దాని పేరు సంకోఫా. మరిచి వచ్చినదాన్ని వెనక్కు వెళ్ళి తెచ్చుకోవచ్చునని దాని భావం. బజారులో ఆడవాళ్ళు సరుకులు పేర్చి అమ్మే గుండ్రని చెక్కపళ్ళాలు తీసుకుని, అనాట్సుయి వాటి మీద ఇలాంటి గుర్తులు కాల్చి వేశాడు. ఆయన పేరు తెచ్చుకున్న తొలి పనులు అవే.

1975లో ఆయన నైజీరియాలో న్సుకా అనే ఊరి విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడుగా చేరాడు. 1998లో ఒకనాడు ఆ ఊరి సమీపాన, పొదల్లో ఎవరో పారేసిన సంచీ ఒకటి ఆయన కంటపడింది. విప్పి చూస్తే నిండా సారా మూతలు! ఇంకొకరైతే ముక్కు మూసుకుని తమ దారిన పోయేవారే. ఆయన దాన్ని తన పనిశాలకు చేర్చాడు. ఆ మూతలే తరవాత దుప్పట్లయినాయి.

సారా మూతలే ఎందుకు? దీనికి పెద్ద కథ ఉన్నది. కొన్ని వందల ఏళ్ళ క్రితం ఐరోపా వర్తకులు ఆ తీరానికి సారా, తుపాకులు, పూసలు, బట్టలు తెచ్చేవారు. వాటికి బదులు మొదట బంగారం, తరవాత మనుషులనే తీసుకుపోయేవారు. ఆ మనుషులను ఓడలలో అమెరికాకు చేర్చి, చెరకుతోటల్లో గొడ్డుచాకిరీ చేయించేవారు. చెరకు రసంనుంచి చక్కెర, చక్కెర తియ్యగా మిగిలిన మడ్డినుంచి రమ్ము అనే సారా వచ్చేవి. ఆ సారాలో కొంత మళ్ళీ ఆఫ్రికాకు వచ్చి, ఇంకా కొందరు మనుషులను కొనటానికి పనికివచ్చేది! ఇలా మూడు ఖండాల చరిత్ర ఒక చిన్న మూతకు అంటుకుని ఉన్నది.

ఆ సరుకులలో బట్టలు అన్నానే, వాటిలో చాలా భాగం మన దేశానివే. గుజరాతులోనూ, మన తూర్పు తీరాన కోరమండల్ ప్రాంతంలోనూ నేసిన నూలుబట్టలను కంపెనీ ఓడలు ఐరోపాకు తీసుకుపోతే, అక్కడినుంచి అవి ఆఫ్రికా చేరేవి. మగ్గం ముందు కూర్చున్న మన నేతగాడికి, తన బట్టకు మారుగా ఏ తల్లి బిడ్డను లాక్కుపోయారో తెలిసే దారి లేదు.

ఈ దుప్పట్లకు మరో విశేషం ఉన్నది. అవి మెత్తగా వంగుతాయి గనక వాటిని మడిచి పెట్టెలో పెట్టి పంపవచ్చు. గోడకు వేలాడదీసేటప్పుడు ఇలాగే ఉండాలని అనాట్సుయి శాసించడు. వేసేవాళ్ళ ఇష్టాన్నిబట్టి మడతలు పడతాయి. ఒక చోట చూసిన దుప్పటి మరో చోట మరో రూపంలో ఉంటుంది. ముక్కలు కుట్టే పని న్సుకాలో ఎందరో యువకులు చేతులతోనే చేస్తారు. 2023 అక్టోబరులో లండనులోని టేట్ మోడర్న్ చిత్రశాలలో ఆయన చేసినవి మూడు బ్రహ్మాండమైన తెరలు వేలాడదీశారు. అవి 2024 ఏప్రిల్ దాకా ఉన్నాయి. ఒకటి ఓడ తెరచాపలాగా ఎర్రగా ఉన్నది. మరొకటి విడివిడిగా వేలాడే ముక్కలు. వాటిలో మనుషుల ఆకారాలు తోచేవి. ఒక్క చోట నిలబడి చూస్తే మాత్రం, ఆ ముక్కలన్నీ కలిసి గుండ్రని భూగోళంలాగా కనిపించేవి.

ఇక ఓడ సంగతి. నైజీరియాకు పడమటి పక్కన బెనిన్ అనే చిన్న దేశం ఉన్నది. రోమువాల్డ్ హజూమే 1962లో అక్కడ పోర్తో నోవోలో పుట్టాడు. నైజీరియాలో పెట్రోలు చవక గనక, బెనిన్ వాళ్ళు దాన్ని చాటుగా తెచ్చి అమ్ముకునేవారు. మోటారుసైకిలుకు చుట్టూ ప్లాస్టిక్ డబ్బాలు కట్టుకుని వచ్చేవారు. డబ్బాలో మరికొంచెం పట్టాలని, దాన్ని మంట మీద కాచి ఉబ్బించేవారు. ఉబ్బి ఉబ్బి పలచనైన డబ్బా ఒకనాడు పగిలేది. నిప్పురవ్వ పడితే డబ్బాతోపాటు మనిషీ పోయేవాడు.

అలాంటి డబ్బాను తీసుకుని అడుగు కోసి చూడండి: పిడి ముక్కులాగా, మూత తీసిన మూతి తెరిచిన నోరులాగా ఉండి, అచ్చంగా మనిషి ముఖం అవుతుంది! హజూమే ఇలాంటి ముఖాలు 304 పోగుచేసి, వాటిని నేల మీద ఓడ ఆకారంలో పేర్చాడు. దానికి "రాజుగారి నోరు" అనే అర్థం వచ్చే ఫ్రెంచి పేరు పెట్టాడు. అది బెనిన్ తీరంలో బానిసలను ఓడ ఎక్కించిన ఒక చోటు పేరు.

ఆయన మనసులో ఉన్నది బ్రూక్స్ అనే ఓడ. లివర్‌పూల్ రేవుకు చెందిన ఆ ఓడలో మనుషులను ఎలా పడుకోబెట్టేవారో చూపుతూ, బానిస వర్తకం మాన్పించాలని పోరాడినవారు 1789లో ఒక పటం అచ్చువేశారు. అగ్గిపెట్టెలో పుల్లల్లాగా మనుషులు! చట్టం ప్రకారం 454 మందిని ఎక్కించవచ్చు. ఆ చట్టం రాకముందు ఒకసారి అందులో 600 మందికి పైగా కుక్కారు. ఇంగ్లీషువారు 1807లో ఈ వర్తకాన్ని నిషేధించారు. సరిగా 200 ఏళ్ళకు, 2007లో, బ్రిటిష్ మ్యూజియం హజూమే ఓడను కొని ప్రదర్శించింది.

ఆ పాత పటంలో మనుషులందరూ ఒకే అచ్చు. ఎవరికీ పేరు లేదు. హజూమే ముఖాలలో ఏ రెండూ ఒకలాగా లేవు. ఓడ పక్కన నిలబడితే, వాళ్ళ పేర్లు పిలిచే గొంతులు వినిపిస్తాయి. చుట్టూ సారాసీసాలు, గవ్వలు, పూసలు, తుపాకులు ఉన్నాయి. పొగాకు వాసన కూడా వస్తుంది. ఓడలో మరో రెండు ముఖాలు ప్రత్యేకంగా ఉన్నాయి. పసుపుపచ్చనిది ఐరోపా రాజుది, నల్లనిది ఆఫ్రికా రాజుది. ఎందుకంటే, పొరుగు రాజ్యాల మనుషులను పట్టి తీరానికి తెచ్చి అమ్మినవారిలో ఆఫ్రికా రాజులూ ఉన్నారు. హజూమే తనవాళ్ళ తప్పును దాచలేదు. అది నాకు చాలా నచ్చింది.

చివరగా మీ ఈడు కుర్రవాడి కథ చెబుతాను. శామ్యూల్ ఫోస్సో 1962లో కామెరూన్ దేశంలో పుట్టాడు. పసితనంలో జబ్బుచేసి కాళ్ళూ చేతులూ సరిగా ఆడలేదు. అందుచేత తల్లిదండ్రులు అతనికి, అందరు పిల్లలకూ తీయించినట్టుగా ఫోటో తీయించలేదు. నైజీరియాలో తాత, అమ్మమ్మల దగ్గర పెరిగి కోలుకున్నాడు. అంతలో అక్కడ 1967లో యుద్ధం వచ్చింది. అది ముగిశాక మేనమామ అతన్ని మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లోని బాంగీ నగరానికి తీసుకుపోయాడు. 1975లో, 13 ఏళ్ళ వయసులో, ఫోస్సో అక్కడ సొంతంగా ఫోటో స్టూడియో తెరిచాడు!

పగలంతా వచ్చినవాళ్ళకు ఫోటోలు తీసేవాడు. ఫిలిం చుట్టలో ఒకటి రెండు బొమ్మలకు చోటు మిగిలితే, దాన్ని వృథాచెయ్యక, రకరకాల వేషాలు వేసుకుని తన ఫోటోలే తీసుకునేవాడు. నేను క్షేమంగా ఉన్నాను, చూడు అన్నట్టుగా వాటిని అమ్మమ్మకు పంపేవాడు. పెద్దవాడయ్యాక కూడా ఫోస్సో ఆ పని మానలేదు. 2008లో ఘనా నాయకుడు ఎన్‌క్రుమా, అమెరికా నీగ్రోల హక్కులకు పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్, ముష్టియుద్ధవీరుడు ముహమ్మద్ అలీ మొదలైన వారిలాగా వేషాలు వేసి ఫోటోలు తీసుకున్నాడు. వాటన్నిటిలోనూ ఉన్న ముఖం ఒక్కటే. పసితనంలో ఎవరూ ఫోటో తియ్యని ఆ ముఖమే.

2014లో బాంగీలో అల్లర్లు జరిగి, దోపిడీగాళ్ళు ఆయన ఇంట్లో చొరబడ్డారు. కావలసినవి పట్టుకుపోయి, ఫిలిం నెగటివులను వీధిలో పారబోశారు. వాళ్ళ దృష్టిలో అవి చెత్త. ఆ దారిన పోతున్న పత్రికా ఫోటోగ్రాఫర్లు కింద పడి ఉన్నవాటిని చూసి, అవేమిటో గ్రహించి, దొరికినవన్నీ ఏరి భద్రపరిచారు.