వీధి మలుపున కుండీ

పట్టణాలలో కాలిబాట నడిచేవారి కోసం వేసినదే. అయినా చెత్తకుండీ ఉన్న మలుపు వద్ద పాదచారి బాట దిగి, బండ్ల నడుమకు పోవలసి వస్తున్నది. కుండీ నిండకముందే దాని చుట్టూ చెత్త పేరుకుంటుంది. దగ్గరకు పోవడానికి రోసిన పెద్దమనిషి పది అడుగుల దూరం నుంచే సంచిని విసరుతాడు. తరువాతి పని కుక్కలూ, ఆవులూ చూసుకుంటాయి. శుభ్రత కోసం పెట్టిన కుండీయే మురికికి ఆటపట్టు అవుతున్నది గదా!

కుండీల సంఖ్య పెంచమని కొందరి సలహా. సూర్యాపేట పురపాలక సంఘం 2003లో ఇందుకు సరిగా ఎదురుదారి పట్టింది. కమిషనరు ఖాదర్ సాహెబ్ హయాంలో ఇంటింటి వద్దనే చెత్త సేకరించే ఏర్పాటు చేసి, వీధికుండీలను తొలగించారు. తడి చెత్తనూ, పొడి చెత్తనూ ఇళ్ళలోనే వేరుచేసి ఇచ్చేవారు. కూరగాయల తొక్కలు ఎరువైనాయి. కాగితమూ, ప్లాస్టిక్కూ అమ్ముడుపోయాయి.

ఇందులో మంత్రమేమీ లేదు. బండి వేళకు రావాలి, అంతే. రెండు రోజులు రాకపోతే మూడవనాటి చీకటిలో సంచి మళ్ళీ మలుపుకే చేరుతుంది; అప్పుడు ఇల్లాలిని నిందించి లాభం లేదు.

చెత్తను వేరుచేయడం ప్రతి ఇంటి బాధ్యత అని 2016 నాటి కేంద్ర నిబంధనలు దేశమంతటికీ నిర్దేశించాయి. ఆ పని ఇంట్లో జరగకపోతే మరెక్కడో ఒక పారిశుద్ధ్య కార్మికురాలు చేతులతో చేయాలి. పగిలిన గాజుపెంకు ఏ సంచిలో ఉన్నదో ఆమెకు ముందుగా తెలియదు.