కల్లెడ బిడ్డ పరుగు

ఒక పసిబిడ్డపై 'మందబుద్ధి' అని ముద్ర వేయడానికి మనకు క్షణం చాలు. దాన్ని చెరపడానికి దీప్తి జీవాంజికి ఏళ్ల సాధన పట్టింది. వరంగల్ జిల్లా కల్లెడలో పేద కుటుంబంలో పుట్టిన ఆమెను ఊళ్లో గేలి చేశారు. తల్లిదండ్రులు చేయి విడువలేదు. కోచ్ నాగపురి రమేష్ ఆమె పరుగుకు మెరుగుపెట్టారు.

2024 మేలో కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి, మేధో వైకల్యం గలవారి టీ20 విభాగంలో అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో మూడోస్థానంలో నిలిచి కాంస్యం అందుకుంది. మేలో కంటే ఆలస్యమైంది. అయినా దాన్ని ఓటమి అనగలమా?

ప్రియులారా, మర్రిపాడు వంటి మన మెట్ట పల్లెల్లోనూ ఇలాంటి బిడ్డలుంటారు. వారిని వంకపెట్టి పిలవడం మానుదాం. పతకం రాకముందే అక్కున చేర్చుకుందాం.