శరత్కాలపు అతిథులు

వర్షములు వెనుకబట్టి గోదావరి యెఱ్ఱనీరు తేటవడు దినములివి. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో వేకువనే కాలువగట్టు వెంబడి నడచువారికి ఈ దినములలో నొక చిన్నపక్షి కానవచ్చును. నలుపు తెలుపుల మేను, సన్నని కాళ్లు, క్షణమైనను నిలువక పైకిని క్రిందికిని ఆడుచుండు పొడవైన తోక దాని గుఱుతులు. మన పెద్దలు దానిని కాటుకపిట్ట యనిరి. సంస్కృతమున ఖంజనమని పేరు. ఆరవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు తన బృహత్సంహితయందు ఈ పక్షి దర్శనమునకై ప్రత్యేకముగ నొక యధ్యాయమును వ్రాసియుంచెను. ఖంజనము తొలుత నెచ్చట, ఎట్టి తావున కంటబడినదో దానినిబట్టి ఫలమును చెప్పుట అందలి విషయము. శకునములను నమ్మువారు నమ్ముదురుగాక, నమ్మనివారు మానుదురుగాక. పక్షుల రాకపోకలను కనిపెట్టియుండుట మాత్రము ఈ దేశమున నిన్న మొన్న పుట్టిన వేడుక కాదని దీనివలన స్పష్టము.

నేడు మహానగరములందు ఈ యాసక్తి మరల మేల్కొనుచున్నది. హైదరాబాదున కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానము వంటి తావులకు దుర్భిణులు చేతబట్టి ప్రాతఃకాలమున పోయి, క్రొత్తగ వచ్చిన పక్షులను పట్టికలకెక్కించు యువకులు కలరు. కోనసీమ వాసికి ఉద్యానమును వెదకికొని పోవలసిన యగత్యము లేదు. ఇంటి వెనుక కొబ్బరితోట, ఊరి చెఱువు, వరిచేని గట్టు ఇవియే యాతని యుద్యానములు. కొఱవడినది చూచు కన్ను మాత్రమే.

చూచినప్పుడైనను మనము పొరబడుచున్నాము. శ్రీకాకుళపు తేలినీలాపురమున, గుంటూరు చెంతనున్న ఉప్పలపాడున, దక్షిణమున నేలపట్టున గుమిగూడు గూడబాతులను, కొంగలను చూచి, ఇవి సైబీరియా పక్షులని జనులు చెప్పికొనుట పరిపాటియైనది. ఆ గ్రామస్థులు వానిని ఆడపడుచులవలె ఆదరించుట మిక్కిలి శ్లాఘనీయము. కాని గూడబాతును, రంగుకొంగయు, నత్తగుల్లకొంగయు మన దక్షిణాసియా పక్షులే. అవి నీటి వసతినిబట్టి ఒక సీమనుండి మఱియొక సీమకు తరలుచుండును. ఇందుకు సులభమైన పరీక్ష యొకటి కలదు. చలికాలము గడపుటకై ఉత్తరమునుండి వచ్చు పక్షి ఇచ్చట గూడు కట్టదు. దాని పుట్టినిల్లు వేఱు. మన చెట్లపై గూడు కట్టి పిల్లలను పెంచునది మనదియే.

ఇక నిజమైన దూరదేశపు అతిథులెవరు? కొబ్బరితోట కంచెపై ఒంటరిగ కూర్చుండి, కన్నులకు నల్లని గంత కట్టినట్లు అగపడు గోధుమవన్నె పిట్ట యొకటి. అది ఈశాన్య ఆసియాలో పుట్టి పెరిగినది. వీపుపై పసిడిచుక్కలు పొదిగినట్లుండు, తీతువు కుటుంబమునకు చెందిన పక్షి మఱియొకటి. అది సైబీరియా ఉత్తరాంచుననున్న మంచునేలలలో గ్రుడ్లు పెట్టును. గౌతమికి ఆవలిగట్టున, 1978లో నేర్పడిన కోరింగ అభయారణ్యపు మడ అడవుల చెంత, ఆటుపోటుల బురదనేలలపై గుంపులుగ తిరుగు ఉల్లంకిపిట్టలలో పెక్కు అట్టివే. కాటుకపిట్టలలో నొక జాతి ఏడాది పొడవున ఇచ్చటనే యుండును. తక్కినవి హిమాలయములనుండియు, వాని కావలి దేశములనుండియు వచ్చును. పాతిక గ్రాముల బరువైనను తూగని యా ప్రాణి, పగటి పొద్దు కుఱుచయగుట కనిపెట్టి, మేన క్రొవ్వు నిలువ చేసికొని, సూర్యుని, నక్షత్రములను, భూమి యయస్కాంతశక్తిని ఆనవాళ్లుగ గొని వేల కిలోమీటరులు దాటి వచ్చుచున్నది. మనమో, కొంగకు విదేశీయ గౌరవమిచ్చి, పాదముల చెంత మెలగు నిజమైన విదేశీయుని గుర్తింపకున్నాము.

ఇది కేవలము పేరు తప్పిన ముచ్చటయైనచో ఉపేక్షింపవచ్చును. కొంగకు చెట్టును, చెఱువును కావలెను. ఈ చిన్నపక్షులకు కావలసినది చీలమండ లోతు నీరును, తడిసిన బురదయు, దున్నిన వరిచేనును. నాగటి వెంట నడచి పురుగుల నేరుకొని తినుట వాని బ్రతుకు. సముద్రతీర మండలములందు వరిచేలు త్రవ్వి, కొబ్బరిచెట్లు కూల్చి, రొయ్యల చెఱువులు వేయుట యేటేట హెచ్చినది. నిలువులోతు నీరును నిట్రగట్లును గల యా చెఱువులలో ఈ పక్షి కాలు మోపుటకు చోటు లేదు. పైగా చేపలను దొంగిలించు పక్షులనుండి కాపాడుటకై కట్టిన దారములలో నిరపరాధులైన పక్షులును చిక్కి చచ్చుచున్నవి.

రైతును నిందించుట మా యుద్దేశము కాదు. 2011లో గిట్టుబాటు ధర లేక, మురుగు పాఱక, కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించిన సంగతి లోకవిదితము. వరి కూడు పెట్టనప్పుడు రొయ్యవైపు మఱలుట సహజము. కాని ఉప్పునీరు ప్రక్కచేనిలోనికిని, త్రాగునీటి నూతిలోనికిని ఊరినప్పుడు నష్టము పక్షితో నాగదు. కాటుకపిట్ట వాలని పొలమున పురుగును తిను పిట్టయు లేదు. ఆ పనిని రైతు మందు కొని చేసికొనవలసివచ్చును. కొల్లేటిని చేపల చెఱువులు క్రమ్ముకొనగా, 2006లో ప్రభుత్వమే వాని గట్లను తెగగొట్టవలసివచ్చుట మన కన్నుల యెదుట జరిగినదే.

జనులు తలచిన మార్పు రాదను నిరాశ వలదు. నాగాలాండులో దోయాంగు జలాశయము కడ, అముర్ నదీప్రాంతమునుండి ఆఫ్రికాకు పోవు డేగలను 2012 శరత్తున వలలు పన్ని వేలకొలది చంపిరి. లోకము నిర్ఘాంతపోయినది. మరుసటి యేడే పాంగ్టీ మొదలగు గ్రామములవారు కట్టుబాటు చేసికొని వేట మానివేసిరి. వన్యప్రాణి రక్షణకు 1972లోనే చట్టమైనది. కాని అచ్చట వలలను చుట్టబెట్టించినది ఊరి మాటయే.

కావున కోనసీమ భూస్వాములకు మా విన్నపము స్వల్పము. చెఱువు త్రవ్వదలచినవారు గట్టు ప్రక్క కొన్ని సెంట్లు లోతులేని తడినేలగ విడువుడు. పక్షులు చిక్కికొను దారములు మాని, కాపలా మనిషిని నిలుపుడు. నీటిబాతులను పట్టి చాటుగ అమ్మవచ్చినవానికి మీ వాకిట బేరము దొరకకుండనిండు. కాటుకపిట్ట తొలుత కనబడిన దినమును ఏటేట పంచాంగపు అంచున వ్రాసియుంచుడు. ఋతువులు గతి తప్పుచున్న యీ కాలమున పదియేండ్ల అట్టి వ్రాత పండితులకు సయితము పనికివచ్చును. ఒకయేడు ఆ చోటు వ్రాయక ఖాళీగ మిగిలినచో, మన నేలకేమో కీడు మూడినదని తెలిసికొని, కారణమును వెదకుడు.