ప్యాకెట్ ఆయుష్షు ఒక్క బైటు

రెండు రూటర్లు పొరపాటున ఒకదాని వైపు ఒకటి దారి చూపిస్తే మధ్యలో చిక్కిన ప్యాకెట్ గతి ఏమిటని తరగతిలో ఒకమ్మాయి అడిగింది. ఐపీ హెడర్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన బైటు సరిగ్గా ఆ ప్రమాదం కోసమే ఉంది.

ఐపీ నాలుగో వెర్షన్ హెడర్ మామూలుగా 20 బైట్లు. చివరి 8 బైట్లలో పంపినవారి చిరునామా, చేరాల్సినవారి చిరునామా ఉంటాయి. తొమ్మిదో బైటు 'టైమ్ టు లివ్'. టీటీఎల్ అంటే అందరికీ తెలుస్తుంది. పంపే కంప్యూటర్ అందులో 64 అనో 128 అనో రాస్తుంది. దారిలో ప్రతి రూటరూ ఒకటి తగ్గిస్తుంది. సున్నా అయిందంటే ప్యాకెట్‌ను అక్కడే పారేసి, పంపినవారికి కబురు పెడుతుంది. 1981లో జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో వచ్చిన ప్రమాణం దీన్ని సెకన్లలో లెక్కపెట్టమంది. ఎంత త్వరగా పంపినా కనీసం ఒకటి తగ్గించాలనీ అంది. ఆచరణలో సెకన్లు పోయి అంచెల లెక్కే నిలిచింది.

ఇక్కడే అసలు అందం. హెడర్ చెడలేదని చూడటానికి అందులో చెక్‌సమ్ ఉంటుంది. టీటీఎల్ మారితే అదీ మారాలి. మరి ప్రతి రూటరూ ప్రతి ప్యాకెట్‌కూ 20 బైట్లనూ మళ్లీ కూడాలా? అక్కర్లేదు! హెడర్‌ను రెండేసి బైట్ల జతలుగా కూడి, వచ్చిన మొత్తంలో సున్నాలను ఒకట్లుగా, ఒకట్లను సున్నాలుగా తిప్పితే అదే చెక్‌సమ్. టీటీఎల్ తన జతలో పై బైటు. అందులో ఒకటి తగ్గితే మొత్తంలో 256 తగ్గుతుంది. తిప్పి రాసింది కాబట్టి చెక్‌సమ్‌కు 256 కలపాలి, 16 బిట్లు దాటి పొంగిన ఒకటి ఉంటే దాన్ని మళ్లీ అడుగున చేర్చాలి. అంతే పని. మిగతా బైట్ల జోలికే పోనక్కర్లేదు.

1980ల చివర స్టీవ్ డీరింగ్ ఇచ్చిన సలహాతో వాన్ జేకబ్సన్ ఈ బైటుకు కొత్త పని కనిపెట్టాడు. టీటీఎల్ 1 పెట్టి పంపితే మొదటి రూటరే పారేస్తుంది. దాని కబురు మీద దాని చిరునామా ఉంటుంది. 2 పెడితే రెండో రూటర్ బయటపడుతుంది, 3 పెడితే మూడోది. అదే ట్రేస్‌రూట్. జవాబివ్వని రూటర్ల చోట నక్షత్రాలు కనిపిస్తాయి, అయినా ముందుకెళ్లే దారి తెలుస్తూనే ఉంటుంది.

ఆ డీరింగే తర్వాత బాబ్ హిండెన్‌తో కలిసి ఐపీ ఆరో వెర్షన్ ప్రమాణం రాశాడు. అందులో టీటీఎల్ 'హాప్ లిమిట్'గా మారింది. హెడర్ 40 బైట్లకు పెరిగినా, చెక్‌సమ్‌ను మాత్రం పూర్తిగా తీసేశారు.