నివ్వెరపోయాడు సరే, ముంచిందెవరు?

ఐటీ ఉద్యోగుల జీవితాన్ని వస్తువుగా తీసుకుని వస్తున్న కథల్లో ఒక క్రియ మరీ తరచుగా కనిపిస్తున్నది: "షాకయ్యాడు." ఉద్యోగం పోయిన కబురు విన్నా షాకవుతాడు, ఇంటి అద్దె పెరిగినా షాకవుతాడు, పాత స్నేహితుడు ఎదురైనా షాకవుతాడు. మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఆఫీసుల్లో పనిచేసే యువతీయువకులు నిజంగానే అలా మాట్లాడుతున్నారు. కనుక ఆ మాటను పాత్ర నోట పలికించడంలో తప్పులేదు. పాత్రోచితమైన భాష వాస్తవికతకు అవసరమే. అయితే ఈ క్రియ ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వస్తూ దారిలో ఏమి పోగొట్టుకున్నదో రచయితకు తెలిసి ఉండాలి. ఇది వ్యాకరణంతో మొదలై దృక్పథం దాకా పోయే విషయం.

మొదట ఇంగ్లీషు క్రియల సంగతి చూద్దాం. మనిషిని ఆశ్చర్యంలో ముంచే ఇంగ్లీషు మాటల మూలాలు వెతికితే వాటిలో దెబ్బలూ దాడులూ కనిపిస్తాయి. "సర్‌ప్రైజ్" ఫ్రెంచి నుంచి వచ్చింది. మీదపడి పట్టుకోవడం దాని మూలార్థం. "షాక్" మొదట సైన్యాలు ఢీకొనడాన్ని చెప్పిన మాట. "స్టన్", "అస్టానిష్" రెండూ ఉరుముకు సంబంధించిన లాటిన్ ధాతువు నుంచి పుట్టాయి. "ఓవర్‌వెల్మ్" అంటే బోర్లించడం, నీట ముంచేయడం. ఇవన్నీ ప్రధానంగా సకర్మక క్రియలు. దెబ్బ కొట్టినదేదో కర్తగా నిలబడుతుంది, దెబ్బతిన్న మనిషి కర్మ అవుతాడు. కర్మణి ప్రయోగంలో కర్తను దాచే వీలు ఇంగ్లీషులోనూ ఉన్నది. కాని దాచిన కర్తను మళ్ళీ రప్పించడానికి వాక్యంలో చోటు ఉంటుంది.

తెలుగు మాటల తీరు వేరు. నివ్వెరపోయాడు, విస్తుపోయాడు, నిర్ఘాంతపోయాడు, తెల్లబోయాడు, బిత్తరపోయాడు - ఇవన్నీ అకర్మకాలు. దెబ్బతిన్నవాడే ఇక్కడ కర్త. ఈ మాటల బలం మనిషి లోపల ఏం జరిగిందో చెప్పడంలో ఉన్నది. అవాక్కయినవాడికి మాట పోయింది. దిగ్భ్రాంతి చెందినవాడికి దిక్కు తెలియలేదు. తెల్లబోయినవాడి ముఖంలో రంగు పోయింది. ఉక్కిరిబిక్కిరి అయినవాడికి ఊపిరాడలేదు. పరాయి మాటలు కూడా మన దగ్గరికి వచ్చి ఈ తోవే పట్టాయి. ఉర్దూలో ఆశ్చర్యపోయినవాడిని చెప్పే "హైరాన్" తెలుగులో "హైరానా"గా మారి, మనిషి పడే అవస్థను చెబుతున్నది. ఇంత సూక్ష్మమైన అనుభవ సంపద ఉండగా అన్నిటికీ ఒకే "షాకయ్యాడు" వాడటం చేతిలో ఉన్న పనిముట్లను మూల పడేయడమే.

అరువు మాట చేరే పద్ధతిని కూడా గమనించాలి. ఇంగ్లీషు క్రియకు తెలుగు ప్రత్యయాలు నేరుగా అతకవు. అందుకని దానిని నామంగా తీసుకుని "అవు", "చేయు", "ఇచ్చు" వంటి క్రియలను తోడుగా నిలుపుతాం. షాకయ్యాను, షాకిచ్చాడు, సర్‌ప్రైజ్ చేశాడు. వీటిలో "అవు" చేరినప్పుడల్లా కర్త మాయమవుతాడు. మరో మార్పు కూడా జరిగింది. మన వాడుకలో షాక్ ఎక్కువగా చెడుకూ, సర్‌ప్రైజ్ ఎక్కువగా మంచికీ స్థిరపడుతున్నాయి. పుట్టినరోజు కానుక సర్‌ప్రైజ్. అయినా మా బడికి అధికారి చెప్పకుండా వచ్చే "సర్‌ప్రైజ్ విజిట్"లో పాత దాడి అర్థం ఇంకా చావలేదని ఉపాధ్యాయుడిగా నేను సాక్ష్యం చెప్పగలను.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైన తరువాత ఆ ప్రాంతాన్ని అన్నిటికన్నా ఎక్కువగా కుదిపిన రోజుల్లో 2009 జనవరి 7 ఒకటి. ఆనాడు సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు, సంస్థ లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని లేఖలో ఒప్పుకున్నారు. అప్పటికి ఆ సంస్థలో దాదాపు 53 వేల మంది ఉద్యోగులున్నారు. ఈ ఘటనను రెండు విధాల రాయవచ్చు. "వార్త విని ఉద్యోగులు నివ్వెరపోయారు" అనేది ఒకటి. "దొంగ లెక్కలు రాసినవాళ్ళు ఉద్యోగులను నట్టేట ముంచారు" అనేది మరొకటి. రెండూ నిజమే, రెండూ తెలుగే. మొదటి వాక్యంలో "వార్త" ఒక సందర్భం మాత్రమే. ఆ వాక్యం పిడుగు పడ్డ చోటును చూపుతుంది. రెండవ వాక్యం చేతిని చూపుతుంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు 10 మందిని దోషులుగా ప్రకటించినప్పుడు న్యాయస్థానం వెతికింది కూడా కర్తనే.

కర్తను చెప్పగల క్రియలు తెలుగుకు లేవని దీని అర్థం కాదు. భయపడటం ఉన్నచోట భయపెట్టడం ఉన్నది. హడలిపోవడం ఉన్నచోట హడలగొట్టడం ఉన్నది. "ఓవర్‌వెల్మ్"లోని నీళ్ళూ మునకా "ముంచెత్తడం"లో అలాగే ఉన్నాయి.

ప్రతి వాక్యంలోనూ దోషి పేరు రాయమని నేను అనడం లేదు. ఉద్యోగం పోయిందన్న ఈమెయిల్ చదివిన తొలి క్షణంలో ఆ మనిషికి కర్త ఎవరో తెలియదు. అక్కడ "అవాక్కయింది" అనడమే వాస్తవం. కాని కథ నడుస్తున్న కొద్దీ పాత్రకో పాఠకుడికో ఎరుక పెరగాలి. ఆ ఎరుకతోపాటు క్రియ కూడా మారాలి. మొదటి పేజీలో షాకైన మనిషి చివరి పేజీలోనూ షాకయ్యే ఉంటే, ఆ కథలో కష్టం ఉన్నది గాని కారణం లేదు. కారణం లేని కష్టాన్ని పాఠకుడు విధి అనుకుంటాడు. కొత్త రచయితలు తమ కథను ఒకసారి క్రియల కోసమే చదువుకోవాలి. "పోయాడు", "అయ్యాడు" అన్న ప్రతి చోటా ఆగి, చేసినవాడెవరని అడగాలి. జవాబు కథలో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి.